సద్ది సంచిలో కాగితం

సంగారెడ్డి కోర్టు వరండాలో వకీలు కంపెనీ రిజిస్టరు నకలు నర్సింలు భార్యకు చూపించాడు. కేసు పిలవడానికి ఇంకా కాసేపుంది.

"నర్సింలు చావుకు నర్సింలే కారణమంటున్నారమ్మా. పదకొండో తారీకు మాస్కు ఇచ్చారట, మర్నాడు అది పెట్టుకోకుండా విషగ్యాసున్న ట్యాంకులోకి దిగాడట. ఇదిగో, తీసుకున్నట్టు సంతకం. తానే ఇచ్చానని మేనేజరు రాసిచ్చాడు."

"ఆ దినం మా ఆయన డ్యూటీకే పోలే సారూ. బిడ్డ పుట్టెంటుకలు తీయించనీకి ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయినం."

"రుజువు కావాలి. లేకపోతే పరిహారం కేసు పోతుంది."

"గిది సూడుండ్రి."

"లీవు కాగితం. పదకొండో తారీకుకే. మంజూరు చేసింది మేనేజరే. ఎక్కడిదమ్మా ఇది?"

"మా ఆయన సద్ది సంచిల ఉండె. శవంతోని ఆ మేనేజరే ఇంటికి పంపిండు."

"ముందే చెప్పొద్దా? ఇది చూపిస్తే ఇవాళే రాజీకొస్తారు."

"వస్తరనే చెప్పలే. రాజీ అయితే వాడు కోర్టు మెట్లే ఎక్కడు. ఇయ్యాల వాని సాక్ష్యం అంటిరి గద?"

"అవును. బోనెక్కి ప్రమాణం చేస్తాడు. తర్వాత నేను ప్రశ్నలడుగుతాను."

"అయితే ముందుగాల గిది అడుగుండ్రి. మాస్కు నీ చేతులతోనే ఇచ్చినవా, నీ కండ్ల ముందే సంతకం పెట్టిండా అని. అవునంటడు. అన్నంక కాయితం తియ్యుండ్రి."

"తీసి జడ్జిగారికి చదివి వినిపిస్తాను."

"మీరు చదవకుండ్రి సారూ. వానితోనే చదివించుండ్రి, గట్టిగ. నేను ఎదురుంగ కూసుంట."