ఈ ఒక్కసారికే

స్కానింగ్ సెంటర్ వెనక గదిలో, స్కాన్లను పెద్దాసుపత్రికి పంపే కంప్యూటర్ ముందు మరిది దిగాలుగా కూర్చున్నాడు. వదిన టీ తెచ్చి పక్కన పెట్టింది.

“ఇవాళ ఫోన్ చెయ్యలేదేం?”

“ఎవరికి వదినా?”

“ఏమీ ఎరగనట్టు! ఆసుపత్రిలో ఈ ఫైళ్లు అందుకునే అమ్మాయికి. రోజూ ఆ పొడుగాటి కోడ్ చదివించుకుంటావుగా. పైగా, ‘మళ్లీ మొదటినుంచి చదవండి’ అంటావు.”

“రోగుల స్కాన్లు కదా, దొంగల చేతిలో పడకూడదు. అవతలి సర్వర్‌ని నమ్మొచ్చా అని ఈ సాఫ్ట్‌వేరే అడుగుతుంది. తెర మీది కోడూ, ఆ అమ్మాయి చదివే కోడూ ఒకటైతేనే నమ్మాలి.”

“నువ్వు సెలవు పెట్టిన రోజు నేనే పంపాను, నాయనా. ‘ఎప్పటికీ నమ్ము’ అని ఇంకో బటన్ ఉంది. అది నొక్కితే మళ్లీ అడగదు. నువ్వు రోజూ ‘ఈ ఒక్కసారికే’ నొక్కుతున్నావు.”

“మరి... నువ్వేం నొక్కావు?”

“ఒక్కసారికే. నీ నోటి దగ్గర కూడు తీస్తానా?”

“నిన్న నేను ‘ఎప్పటికీ’ నొక్కేశాను వదినా.”

“అయ్యో! ఆ అమ్మాయికి విసుగొచ్చిందా?”

“కోడ్ చదివాక తనే చెప్పింది. ‘ఆ బటన్ సంగతి నాకు మొదటిరోజే తెలుసు. నొక్కెయ్యండి. ఫోన్ మాత్రం మానకండి’ అంది.”

“మరి బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం?”

“ఇప్పుడు చదవమనడానికి కోడ్ లేదుగా. ఏం మాట్లాడాలో తోచట్లేదు.”

“ఆ మాటే చెప్పు. ఇదిగో ఫోన్.”