ఉగాది డిన్నర్ షీట్

అమెరికాలో బాతెల్ నుంచి రాష్ట్ర రాజధాని ఒలింపియాకి వెళ్తున్న కారు. నడుపుతున్నది భవిత. పక్క సీట్లో తెలుగు సంఘం ప్రెసిడెంటు చక్రపాణి.

"పార్కింగ్ వెతుక్కోవాలి. ఈ కాగితం నాలుగు కాపీలు తీయించాలి. మెట్ల దగ్గర మిస్ లోరెన్‌ని కలవాలి. పదిన్నరకల్లా అసెంబ్లీలో, బిల్లు మీద జనం మాట్లాడే హియరింగ్ రూమ్‌లో ఉండాలి. రెండు నిమిషాలు దాటకుండా చదవాలి. ఏడవకూడదు. ఇవీ అంకుల్ నా పనులు. మీ పనేంటో మీరింకా చెప్పలేదు."

"నా పనేముందమ్మా, తోడొస్తున్నా. ఆడపిల్లవి, ఒక్కదానివి అంత దూరం..."

"రోజూ ఒక్కదాన్నే డ్రైవ్ చేస్తా అంకుల్."

"సరే, ఇద్దరం ఉన్నాం కాబట్టి కార్‌పూల్ లేన్ కలిసొచ్చిందిగా. ఏదీ, ఆ కాగితం ఒకసారి ఇటివ్వు."

"నిన్న చూశారుగా."

"పేరు తీసేశావా లేదా అని."

"తీసేశాను. ‘నా స్నేహితురాలు’ అని రాశా. చాలా?"

"చాలు. పేరు మాత్రం రికార్డ్‌లోకి ఎక్కకూడదు. అక్కడ అంతా వీడియో తీస్తారు, ఎప్పటికీ ఉండిపోతుంది. దామోదర్ వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. నా కంపెనీ నుంచే వెళ్లింది పిటిషన్. ఆ టెన్షన్ ఏంటో నాకు తెలుసు."

"దామోదర్ అన్న శనివారం ఫోన్ చేసి, ‘మా ఆవిడ పేరు పెట్టే చెప్పు, సుబ్బులు అని గట్టిగా చెప్పు’ అన్నాడు. సోమవారం చేసి ‘వద్దులే చెల్లెమ్మా’ అన్నాడు. మధ్యలో ఆదివారం మీ ఇంట్లో భోంచేశాడు."

"మీ ఆంటీ గుత్తి వంకాయ చేసింది."

"వంకాయ తింటే మనసు మారిపోతుందన్నమాట."

"వెటకారం వద్దు. నేను చెప్పేదొకటే. ఇది మన గొడవ కాదు. ఏముంది ఆ బిల్లులో? ఏ జాతి తల్లులు కాన్పులో ఎంతమంది పోయారో హాస్పిటళ్లు ఏటా బయటపెట్టాలి. ఎవరు నొప్పి అంటే ఎంతసేపటికి చూశారో రాసిపెట్టాలి. అంతేగా? అది నల్లవాళ్లు తెచ్చుకున్న బిల్లు. మనం డాక్టర్లం, ఇంజనీర్లం. మనల్ని తీసుకెళ్లి వాళ్ల పక్కన కూర్చోబెడతావేంటి?"

"సుబ్బులు వాళ్ల పక్కనే కూర్చుంది అంకుల్."

"ఎక్కడ?"

"ఎమర్జెన్సీలో. తన పాప వేద పుట్టిన ఆరో రోజు. ఊపిరాడట్లేదని కౌంటర్ దగ్గర మూడుసార్లు చెప్పింది. తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. కంగారు పడుతోందని రాసుకుని కూర్చోమన్నారు. పక్క కుర్చీలో నల్లావిడ, మిస్ లోరెన్. ఆవిడ తన కాలు నొప్పికి వచ్చింది. ఆ కాలితోనే లేచెళ్లి ‘ఈ పిల్లని చూడండి, చూడండి’ అని అరిచింది. గొంతు తగ్గించకపోతే సెక్యూరిటీని పిలుస్తామన్నారు. అప్పటికీ ఇంకోసారి అరిచింది. నాలుగు గంటలు అలాగే కూర్చున్నారు. మీరు చెప్పిన డాక్టర్లు, ఇంజనీర్లు ఒక్కరూ రాలేదు మరి అక్కడికి."

"జరగకూడనిది జరిగింది. కాదన్నానా? సంఘం తరఫున రెండు నిమిషాలు మౌనం పాటించాం."

"ఒక్క నిమిషం. తర్వాత అంత్యాక్షరి."

"అది ముందే ప్లాన్ చేసిన ప్రోగ్రామ్! చూడు భవితా, మీ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నువ్వే మొదలు కదా? అందుకే కాగితం మీద ఏది కనపడినా నిజమనుకుంటావు. నెమ్మదిగా తెలుస్తుందిలే."

"మా నాన్న మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోశాడు అంకుల్. వేలిముద్రే వేసేవాడు. వేసేముందు మాత్రం ఎవరో ఒకరితో మొత్తం చదివించుకుని వినేవాడు."

"నేనూ చదివే చేశాను."

"ఏం చేశారు?"

"ఏం లేదు. ఎగ్జిట్ మిస్సవుతావు, చూసుకో."

"ఎగ్జిట్ ఇంకా చాలా దూరం. ఏం చేశారంకుల్?"

"సంఘం అభిప్రాయం పంపించా. అసెంబ్లీ వెబ్‌సైట్‌లో ఉంటుందిగా, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా అని. వ్యతిరేకం అని పెట్టా. నూట నలభై మంది తరఫున. నిన్నంతా కూర్చుని ఒక్కొక్క పేరూ ఎక్కించాను, మెడ పట్టేసింది."

"నూట నలభై మందీ వ్యతిరేకం అన్నారా?"

"అడిగితే అంటారు."

"అడగలేదు."

"వాట్సాప్‌లో పెట్టాను కదా! ఎవరూ కాదనలేదు."

"ఎవరూ చూడలేదు కూడా."

"సంఘం అంటే అలాగే నడుస్తుందమ్మా. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ మెనూ కూడా అంతే, ఎవరూ మాట్లాడకపోతే పులిహోర అని రాసేస్తాం."

"నన్ను కూడా పులిహోరలో కలిపేశారా?"

"నీ పేరు తీసేశా. ఆ మాత్రం తెలీదా నాకు?"

"ఇంతమంది పేర్లు, ఈమెయిళ్లు ఎక్కడివి మీ దగ్గర?"

"ఉగాది డిన్నర్ షీట్. అన్నీ నీట్‌గా వరసలో ఉన్నాయి."

"ఏ ఉగాది?"

"పోయిన ఉగాది. ఈ ఏటిది ఇంకా మొదలుపెట్టలేదుగా. అదేంటి, స్లో చేశావ్? వెనక ట్రక్కు హారన్ కొడుతోంది!"

"ఆ షీట్ నేనే తయారు చేశానంకుల్. భోజనం సంగతులకి ఒక కాలమ్ పెట్టా. ‘తొమ్మిదో నెల, కారం తగ్గించండి’ అని ఒకళ్లు రాశారు. చదివారా?"

"కాలమ్‌లు ఎవడు చూస్తాడమ్మా? పేరు కాపీ, పేస్ట్. పేరు కాపీ, పేస్ట్."

"చదివే చేశానన్నారు."

"బిల్లు చదివానన్నా."

"సరే. ఆ వెబ్‌సైట్‌లో ఇంకో ప్రశ్న ఉంటుంది. వచ్చి మాట్లాడతారా అని."

"అన్నిటికీ యెస్ కొట్టా. అలాగైతే వెయిట్ ఎక్కువ."

"ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి పిలుస్తారంకుల్. మైకులో."

"పిలవనీ. ఆఫీసులు మానుకుని ఒలింపియా దాకా ఎవడొస్తాడు? రాలేదనుకుని వదిలేస్తారు. నవ్వుతావేంటి?"

"ఏం లేదు. ఇక్కడ దింపేద్దామనుకున్నా మిమ్మల్ని. ఫ్రీవే మీద ఆపకూడదు కదా. రండి, మీరు కూడా వినాలి."

హియరింగ్ రూమ్. మూడో వరసలో ఇద్దరూ. మైకులో కమిటీ అధ్యక్షురాలి గొంతు.

"ఇప్పుడు బిల్లుకి వ్యతిరేకంగా మాట్లాడతామన్నవాళ్లు. రాజీవ్ మద్దాలి? లేరా? నిధి వెంపటి? లేరు. ధృవ్ కోట? లేరు."

"చూశావా? చెప్పానుగా, వదిలేస్తున్నారు."

"ఆగండంకుల్."

"సుబ్బులు తాళ్లూరి? బాతెల్ నుంచి. వ్యతిరేకం అని ఉంది. సుబ్బులు తాళ్లూరి ఉన్నారా?"

"ఏంటీ? ఏం పేరది? అది... భవితా, ఆ షీట్‌లో... అయ్యో. భవితా, కూర్చో. కూర్చోమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"నేనేం చేశాను? పేరు రాయొద్దన్నారు, రాయలేదు. మీరే ఎక్కించారు."

"దామోదర్ గురించి ఆలోచించవా?"

"మీరే చెప్పుకోండి దామోదర్ అన్నకి. మీ ఇంటికి పిలిచి, వంకాయ పెట్టి చెప్పండి. చెయ్యి వదలండి."

"లేచినవారు ముందుకు రండి. సుబ్బులు మీరేనా?"

"కాదు మేడమ్. నా పేరు భవిత. నేను బిల్లు కావాలని వచ్చాను. సుబ్బులు రాలేదు. ఆ లిస్టులో పేరు తను పెట్టలేదు. పాపని కని ఆరు రోజులకి, ఊపిరాడట్లేదని చెప్తూ చెప్తూ కుర్చీలోనే పోయింది. తొమ్మిది నెలలైంది. ఆ పక్కనున్న ‘వ్యతిరేకం’ కొట్టేయండి మేడమ్. పేరు మాత్రం కొట్టేయకండి. సుబ్బులు. గుర్తుపెట్టుకోండి."