బొట్టు దాంక

2009 అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, గద్వాలలో శివకుమార్ కంప్యూటర్ల దుకాణం. ముసురు తెరిపి ఇవ్వడం లేదు, కరెంటు ఎప్పుడో పోయింది, ఇన్వర్టర్ మీద ఒక్క కంప్యూటరే నడుస్తోంది. దసరా పండక్కి వనపర్తి నుంచి వచ్చి వానకు చిక్కుబడిపోయిన మరదలు సౌజన్యను, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి కదా అని, శివకుమార్ దాని ముందు కూర్చోబెట్టాడు. అక్కడ అలంపురం దిక్కు తుంగభద్ర ఒడ్డున, రైతుల ఎత్తిపోతల మోటర్ల దగ్గర, అతని తండ్రి కురుమూర్తి కొడుకు చెప్పే ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాడు.

"నేనేం ముట్టలే అంటున్న గదా!"

"ముట్టకుంటే ఎట్ల జెడుతది బావా? పండగ నాడు సూసిన, మంచిగనే నడిచె."

"ముసురుకు తడిసిందేమో."

"టేబుల్ మీదున్న డబ్బీ ఎట్ల తడుస్తది? దీపం సూడు, పచ్చగ వెలుగుతుంది. డబ్బీకేం కాలే."

"మరి అంకె మారదేంది? ఇరవై ఎనిమిది అడుగులు. పొద్దుగాల సంది గదే అంకె, పక్కన గదే పొద్దుగాలటి టైము."

"అందుకే అడుగుతున్న. ఏం మార్చినవ్?"

"ఏం మార్చలే."

"బావా."

"ఏం మార్చలే అంటే... నిన్న జర కొత్త సిస్టం ఏసిన."

"ఏసినవా! ఏరు పొంగుతున్నప్పుడే టైము దొరికిందా నీకు?"

"కొత్తదయితే జల్ది నడుస్తదనుకున్న. దాంతోని గీ డబ్బీని నడిపిచ్చే ప్రోగ్రాం, డ్రైవర్ గూడ కొత్తది వచ్చింది. గింత దానికి గట్ల సూడకు. మీ అక్కకు జెప్పకు."

"అక్క సంగతి తర్వాత. నాకు మొదట్నుంచి జెప్పు. పైన ఊర్ల పట్టీ, గీడ డబ్బీ. నడుమ ఏముంది?"

"ఏముంటది? పైన ఏటి ఒడ్డుకు, నాయిన దోస్తు నాగప్ప శేను కాడ కొలపట్టీ బిగిచ్చినం. నీళ్లు ఏ అంకెకు తగిల్తే గా అంకె వైర్‌లెస్‌ల మన మేడ మీది యాంటెనాకు వస్తది. ఆడి నుంచి వైరు. పిడుగు పడి కంప్యూటర్‌ల వైరు గుచ్చే లాన్ పోర్టు కాలిపోయె, గందుకే గీ యూఎస్‌బీ డబ్బీల గుచ్చిన. అంకె సూసి నాయినకు ఫోన్ జేస్త. పైన లేసిన నీళ్లు నాయిన కాడికి వచ్చేసరికి శానా సేపు పడ్తది, గీలోపల సర్దుకుంటరు. రెండేండ్ల సంది గిదే కథ."

"పీకి మళ్ల పెట్టినవా?"

"నా వేళ్లు నొచ్చినయ్. దీపం వెలుగుతది, అంకె రాదు."

"పాత డ్రైవర్ ఉందా?"

"జాగ సాలలేదని తీసేసిన."

"శభాష్."

"నీ కాడ సీడీ ఉందంటివి గద?"

"ఉంది. పాతది ఈ కొత్త సిస్టంల ఎక్కుతలేదు, సూసిన. పాతదానికి కొత్తదానికి నడుమ ఏమేం మార్చిండ్రో అన్నీ సీడీల ఉన్నయ్. ఏ మార్పు కొంప ముంచిందో పట్టుకొని, గదొక్కటి పీకేయాలె."

"అన్నీ ఒక్కొక్కటి సూస్తవా? తెల్లారుతది."

"ఒక్కొక్కటి గాదు. నడుమకు తెంపి సూస్త. నడిస్తే తప్పు తర్వాతి సగంల ఉన్నట్టు, నడవకుంటే ముందు సగంల ఉన్నట్టు. గా సగాన్ని మళ్ల సగం. జల్దినే దొరుకుతది. అబ్బా, గీ నల్ల చుట్ట ఏంది కాళ్లల్ల?"

"పట్టీ ముక్క. మిగిలిందని నాయిన తెచ్చి పారేసిండు. బిగిచ్చేటప్పుడు నేను కామెర్లతోని దవాఖానల ఉంటి గద, నాయిన, నాగప్పే ఎక్కిచ్చిండ్రు. పక్కకు తన్ను... ఇగో, నాయిన ఫోనే. ఏం జెప్పాలె?"

"ఉన్నదే జెప్పు. స్పీకర్ల పెట్టు."

"నాయినా."

"ఏమైంది రా శివా? బావిలకు దిగాల్నా వద్దా? మనుషులు గొంగళ్లు కప్పుకొని కూసున్నరు. రెండు మోటర్లు మీదికి గుంజినం, మిగిలినయి కింద బావిల్నే ఉన్నయ్. నువ్వు ఊ అంటే దిగుత."

"జర ఆగు నాయినా. నీళ్లు ఆగినయో, నా మిషన్ ఆగిందో తెలుస్తలేదు."

"గీడ పెద్దగ పెరగలే. బావి మెట్లు సగం మీద తేలే ఉన్నయ్."

"పైనుంచి ఏమొస్తుందో గీడి మెట్లకు తెలుస్తదా? నాగప్ప ఏమన్న ఫోన్ జేసిండా?"

"ఏడ! గా దిక్కు టవర్లన్నీ పండుకున్నయ్. అంకె ఎంత జూపిస్తుంది?"

"ఇరవై ఎనిమిది. పొద్దుగాలటిది."

"బొట్టు కాడికి వచ్చిందన్నట్టు. దాటలేదు గదా?"

"గదే తెల్వదంటున్న నాయినా!"

"మీద పడకు. నాకేమన్న దిగాల్నని ముచ్చటనా? గీడ మనూరి హన్మమ్మ ఒకటి, పాములు మెట్లెక్కుతున్నయి, ఎలుకలెక్కుతున్నయి అని నా పాణం తీస్తుంది."

"పాములా మామా?"

"ఎవరు, సౌజన్యనా? పొక్కలల్ల నీళ్లు పోతే పాములు ఎక్కయా బిడ్డా. అవి ఏటేటా ఎక్కుతయ్."

"మోటర్లు పోతే పోనియ్ మామా. దిగకుండ్రి."

"ఊరూరంత పత్తి అమ్మి కొన్న మోటర్లు బిడ్డా. అవి పోతే యాసంగికి ఎవరి శేను తడవదు. ఊరికే ఇడిసిపెడితే రేపు మనుషుల మొకం జూడగల్గుతనా? గని బొట్టు దాటితే మాత్రం దిగ. గంత తెల్వనోన్ని గాదు. సూసి జెప్పుండ్రి."

"పెట్టేసిండు. సౌజన్యా, జల్ది గానియ్."

"గానిస్తున్న. బొట్టు బొట్టు అంటడు, ఏంది బావా గది?"

"పైన ఊర్ల ఏటి ఒడ్డున, మన పట్టీ బిగిచ్చిన పెద్ద రాతి గుండు ఉంది. తాతల తాతల నాడు పెద్దేరు వచ్చినప్పుడు నీళ్లు ఎందాక తగిలినయో గాడ పసుపు రాసి బొట్టు పెడ్తరు. ఏటేటా పెడ్తరు. గా బొట్టు దాటి నీళ్లు వచ్చినయని జెప్పెటోడు ఒక్కడు లేడు. గందుకే నాయినకు గదే లెక్క. దాటితే బావంత మునుగుతది, ఎక్కుడు. దాటకుంటే కింది మోటర్లకే నీళ్లు తగుల్తయి, దిగి గుంజుడు."

"సరే. గిది ఎక్కిచ్చిన. నడుమది. పైకి అడుగుతున్న సూడు."

"వచ్చిందా?"

"రాలే. పంపుడు పంపుతుంది, వచ్చింది తీసుకుంటలేదు. తప్పు ముందు సగంల ఉంది. ఆగు... ఇంకో సగం."

"ఇన్వర్టర్ కుయ్ కుయ్ అంటుంది."

"ఇంటున్న. నా చెవులకు గూడ ఉంది గా కుయ్ కుయ్."

"గద్వాల బస్టాండ్ల నిలబడి, నది సప్పుడు ఇనవడుతుందని ఒకడు అంటున్నడట పొద్దుగాల. కృష్ణ ఏడ, బస్టాండ్ ఏడ? వానకు మనుషులకు మతి తప్పింది."

"బావా, జర సప్పుడు జేయకు. గిది వచ్చింది!"

"ఏం వచ్చింది?"

"ఈ సగం నడిచింది. జవాబు వచ్చింది... సగం మార్పులదే గద, అంకె సదివేలోపల కూలిపోయింది. ఆగు, ఆగు. నాకు సమజైతుంది. గీ రెండిట్ల నడుమ ఉన్నవి నాలుగు మార్పులే. ఇగో, గిది సూడు. దొరికింది దొంగ."

"నాకేం కనబడ్తది అండ్ల? తెలుగుల జెప్పు."

"కొత్త డ్రైవర్ రాసినోడు కరెంటు మిగలాల్నని, పని లేనప్పుడు డబ్బీ నిద్రపోయేటట్టు జేసిండు. జరసేపు ఏం రాకుంటే పండుకుంటది. నిద్రపుచ్చుడు రాసిండు, లేపుడు సక్కగ రాయలే. పైనుంచి జవాబు వచ్చేసరికి మన డబ్బీ గుర్రు పెడుతుంది."

"మరి నిన్న సాయంత్రం సంది పొద్దుగాల దాంక అంకెలు ఉరుక్కుంట వచ్చినయి గదా? అప్పుడెందుకు పండుకోలే?"

"నీళ్లు కదిలితేనే పట్టీ అంకె పంపుతది, అవునా?"

"అవు. కదలకుంటే ఊకుంటది."

"రాత్రంత ఏరు లేస్తనే ఉంది. అంకె మీద అంకె. డబ్బీకి కన్ను మూసే సందే దొరకలే. పొద్దుగాల ఇరవై ఎనిమిది కాడ అంకెలు ఆగినయ్. సందు దొరికింది, పండుకుంది."

"అంటే... పైన నీళ్లు ఆగినంకనే డబ్బీ ఆగిందన్నట్టు?"

"లెక్క ప్రకారం గట్లనే. ఆగు, నోటి మాట వద్దు. గా మార్పు తీసేసి మళ్ల కడ్తున్న. అయితుంది... అయితుంది... ఎక్కిచ్చిన. అడుగుతున్న పైకి."

"జోగులమ్మ తల్లీ."

"వచ్చింది!"

"టైము? టైము సూడు!"

"ఇప్పటిదే. గీ నిమిషానిదే."

"అంకె?"

"ఇరవై ఎనిమిది."

"మళ్ల అడుగు."

"ఇరవై ఎనిమిది. బావా, ఇరవై ఎనిమిదే! పొద్దుగాల సంది కదలలే!"

"నీ నోట్ల చక్కెర పొయ్య! ఫోన్ ఇటియ్యి. పాణం లేసొచ్చింది పిల్లా... నాయినా! ఆగినయ్. నీళ్లు ఆగినయ్. ఇప్పుడే వచ్చింది, ఇరవై ఎనిమిది కాడనే ఉంది."

"సరిగ్గ ఇరవై ఎనిమిదేనా?"

"వెంట్రుక ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"నేను జెప్పలేదా! గంగమ్మ మాట తప్పదు రా. బొట్టు కాడ్నే నిలబడ్డది. గందుకే ఆనాడు నాగప్ప పట్టీ పైదాంక కొడ్తనంటే నేను కొట్టనియ్యలే. బొట్టు మీద మొల కొడితే తల్లిని ఇంక పైకి రమ్మని పిలిచినట్టే గదా? సరే, దిగుతున్నం. ఫోన్ తడుస్తది, మీదనే పెట్టి పోత."

"జల్ది గానిచ్చుకొని ఎక్కుండ్రి నాయినా."

"మోటర్లెంత సేపు? ఉంట మరి."

"హమ్మయ్య. సౌజన్యా, గీ పూట నువ్వు లేకుంటే నేను పిచ్చోన్ని అవుతుంటి. ఫ్లాస్కుల చాయ్ ఉంది, పొయ్యాల్నా?"

"పొయ్యి."

"ఏంది, మొకం గట్ల పెట్టినవ్? గెలిచినం గదా? మీ కాలేజీల జెప్పుకో, మా బావ దుకాణంల డ్రైవర్ బాగుజేసిన అని. ఇగో, చక్కెర జర ఎక్కువుంది, తాగు. మీ అక్క చేతిది."

"మళ్ల అడిగిన బావా. ఇరవై ఎనిమిదే."

"మంచిదే గదా?"

"రాత్రి వచ్చిన అంకెలు సూడు. ఇరవై ఆరున్నర, ఇరవై ఏడు, ఇరవై ఏడున్నర, ఇరవై ఎనిమిది. గంత ఉరికొచ్చిన ఏరు గోడకు తగిలినట్టు ఒక్కసారే నిలబడ్తదా? అల లేదా? ఒక్క అంగుళమన్న కిందికో మీదికో ఆడదా?"

"బొట్టు మహిమ అంటే నమ్మవు. చాయ్ సల్లారుతుంది, తాగు."

"మామ పట్టీ గురించి ఏమో అన్నడు. ఏమన్నడు?"

"ఏమన్నడు? బొట్టు మీద మొల కొట్టనియ్యలే అన్నడు. పెద్దోల్ల నమ్మకం."

"మరి మీదికి మిగిలిన పట్టీ ఏం జేసిండు?"

"కోసి... గదే, నీ కాళ్ల కాడ ఉన్న చుట్ట."

"ఇటియ్యి."

"ఇప్పుడు దానికేం పని? దుమ్ము."

"ఇటియ్యి బావా!"

"ఇగో. ఏంది, ఏం జూస్తున్నవ్? సౌజన్యా?"

"దీని మీద అంకెలున్నయ్."

"ఉంటయి గద, కొలపట్టీకి."

"గీ కొస నలభై. కోసిన కొస నువ్వే సదువు."

"ఇరవై తొమ్మిది. ... అయితే?"

"అయితే ఏంది బావా! పైనున్న పట్టీకి ఇరవై ఎనిమిది తర్వాత అంకెనే లేదు. నీళ్లు ముప్పై ఉన్నా, నలభై ఉన్నా, గది ఇరవై ఎనిమిదే అంటది. ఆగింది ఏరు గాదు. పట్టీ అయిపోయింది!"

"గట్లంటే... పొద్దుగాల సంది..."

"ఫోన్ కొట్టు."

"నాయిన దిగిండు. ఫోన్ మీదనే పెడ్తనన్నడు."

"ఎవరన్న ఎత్తుతరు, కొట్టు బావా!"

"మోగుతుంది... ఎత్తు, ఎత్తు తల్లీ, ఎవరన్న ఎత్తుండ్రి... హలో! నాయినా?"

"నేను బిడ్డా, హన్మమ్మను. మీ నాయిన ఫోన్ నా చేతుల పెట్టి దిగిండు. శివడు మంచి మాట జెప్పిండని అందరు నవ్వుకుంట దిగిండ్రు బిడ్డా."

"అత్తా, పిలువు! మోటర్లు ఇడిసిపెట్టి ఎక్కి రమ్మను! నేను జెప్పింది తప్పు, ఎక్కి రమ్మను!"

"ఏరు సప్పుడుకు ఇనవడదు. ఆగు, మెట్ల కాడికి పోయి పిలుస్త... ఓ అన్నా! ఓ కురుమూర్తన్నా!"

"పలికిండా? అత్తా? పలికిండా?"

"మెట్లు కనవడ్తలేవు బిడ్డా."