ఆరో పాఠం తీసేశారట

రా తల్లీ, రా. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఈ మంచం మీద కూర్చో. ఏమిటీ, బడికి యాభయ్యేళ్ళు నిండాయని పుస్తకం వేస్తున్నారా? మంచిదే. ఎవరి గురించి కావాలీ? మా గ్రంథంగారి గురించా! అలా చెప్పు మరి. ఆఁ, మళ్ళీ అను, ఈ చెవి కాస్త మందం. అహంకారమా? ఆయన పాత ఫైల్లో అలా రాసుందా? "పై అధికారి ఎదుట అహంకారంతో ప్రవర్తించినాడు." ఉంటుంది, ఎందుకుండదూ! ఆ ముక్క పడ్డ రోజు నేను వరండాలోనే నిలబడి ఉన్నాను. అది మటుకు మీ పుస్తకంలోకి ఎక్కించకు తల్లీ. అసలు సంగతి చెబుతాను, విని అప్పుడు రాసుకో.

ఆయన చరిత్ర చెప్పేవారు, నేను డ్రిల్లు మాస్టర్ని. పిల్లలు ఆయన్ని గ్రంథం అనేవాళ్ళు, నన్ను విజిలు అనేవాళ్ళు. ఆయన చదవని పుస్తకం లేదు, నేను చదివిన పుస్తకం లేదు. మీ ఇద్దరికీ స్నేహం ఎలా కుదిరిందయ్యా అని హెడ్మాస్టరు కూడా అడిగాడు. నాకేం తెలుసు? ఆయన కొత్తగా చేరిన రోజు స్టాఫ్ రూములో నా కుర్చీలో కూర్చుని ఏదో చదువుకుంటున్నారు. లేస్తారేమోనని పక్కనే నిలబడ్డాను. పావుగంటైంది. అప్పుడు తలెత్తి, "అయ్యో, మీరు నిలబడే ఉన్నారే, కూర్చోండి కూర్చోండి" అన్నారు. ఆయన మాత్రం లేవలేదు. అంతే, అక్కణ్ణుంచి మొదలైంది. ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీ ఆయనదే.

సరే, ఎక్కడున్నాం? ఆఁ, కళ్ళు. రిటైరవడానికి మూడేళ్ళుందనగా ఆయనకి చూపు తగ్గిపోయింది. తగ్గడమంటే, నీ మొహం ఎక్కడుందో తెలుస్తుంది, ముక్కెక్కడుందో తెలీదు. ఆపరేషన్ చేస్తే ఉన్న కాస్తా పోవచ్చన్నాడు డాక్టరు. పైవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. కొడుకు చదువింకా సగంలో ఉంది. నాకొక్కడికే చెప్పారు. పిల్లలకి చెప్పలేదుగానీ నలభై మందికీ తెలుసు, ఒక్కడూ బయట అనలేదు, వెధవలు, బంగారాలు. పాత పాఠాలన్నీ ఆయన నాలిక మీదే ఉండేవి. మా ఖర్మకొద్దీ ఆ ఏడాదే కొత్త పుస్తకం వచ్చింది. ముందు వాళ్ళావిడ, మా వదినగారు, చదివి వినిపించారు. ఆవిడ చదివిన ప్రతి మాటా ఈయన దిద్దేవారు. మూడో రోజుకి ఆవిడ పుస్తకం ఆయన ఒళ్ళో పడేసి, "మరిదీ, ఈ మనిషిని నువ్వే భరించు" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఇక రోజూ సాయంత్రం ఆరింటికి నేనే. నాదసలే మైదానంలో ఈ చివర్నుంచి ఆ చివరికి అరిచిన గొంతు. ఎదురింటావిడకి రాజవంశాలన్నీ కంఠతా వచ్చేశాయి. నాకే ఒక్క ముక్కా ఎక్కలేదు.

ఇంతలో ఒక గురువారం మా పిల్లలకి వాలీబాల్ ఫైనల్. అదీ ఆరున్నరకి. ఐదో పాఠం అయింది, పేజీ తిప్పితే ఆరోది, తూకాలూ కొలతలూ వర్తకమూనూ, పద్దెనిమిది పేజీలు. "ఆరో పాఠం తీసేశారట మాస్టారూ, రేపు ఏడు మొదలెడదాం" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆయన నిట్టూర్చి, "బాగుండి ఉంటుంది, అందుకే తీసేశారు" అన్నారు. ఏమిటీ, పిల్లల పుస్తకాల్లో ఉంటుందిగా అంటావా? పద్దెనిమిది పేజీలు తప్పిపోతుంటే ఏ పిల్లాడు నోరు విప్పుతాడు తల్లీ, పంతులమ్మవి, నీకు చెప్పాలా! మర్నాడు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు సిగ్గేసింది. ఆ మర్నాడు మర్చిపోయాను.

పదిహేను రోజులకి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని, "ఏదీ, ఆరో పాఠం చెప్పండి" అన్నారు. గ్రంథంగారు నవ్వి, "ఆరో పాఠం లేదు కదండీ" అన్నారు. ఎంత ధీమాగా అన్నారనుకున్నావ్! ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచి ఈయన మొహం ముందు పెట్టి, "మరి ఇదేమిటి?" అన్నాడు. అప్పుడు గ్రంథంగారు వరండా వైపు తల తిప్పారు. నేను కనబడను, కానీ అక్కడున్నానని ఆయనకి తెలుసు. మా డ్రిల్లు మాస్టరు చదవలేదండీ అంటే ఆయన తప్పేం లేకుండా పోయేది, కానీ కళ్ళ సంగతి బయటపడేది, నేనూ దొరికిపోయేవాణ్ణి. ఆయనేమన్నారూ, "ఉందండీ, నేను చెప్పను. దానికి ఆధారాలు చాలవు" అన్నారు. "ఏ వాక్యానికి చాలవో చదివి చూపించండి" అని ఇన్‌స్పెక్టరు అరుపు. ఇంక లాభం లేదని నేను పరిగెత్తి లాంగ్ బెల్ కొట్టేశాను. బడంతా ఖాళీ. ఆ తొక్కిసలాటలో ఇన్‌స్పెక్టరుగారి చెప్పు ఒకటి పోయింది, మళ్ళీ దొరకలేదు.

నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, ఆయన ఫైల్లో ఆ ముక్క పడింది. ఆ ఏడు హెడ్మాస్టరు కావలసిన మనిషి, ఆ ముక్క చూసి పక్కన పెట్టారు. జీవితంలో ఒక్కర్నీ నొప్పించి ఎరగరు తల్లీ. ఆ సాయంత్రం గుండె రాయి చేసుకుని వెళ్ళాను. "ఎనిమిదో పాఠం ఎక్కడ ఆపాం?" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ ఆ సంగతి ఎత్తకుండా పుస్తకం తెరిచాను.

రిటైరయ్యాక, ఇంక పోయేదేముందని ఆపరేషన్ చేయించుకున్నారు. చూపొచ్చింది. సంతోషించాలా? నాకు భయమేసి మూడ్రోజులు వెళ్ళలేదు. వదినగారు కబురు పెడితే వెళ్ళాను. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఆ పుస్తకమే చదువుతున్నారు. "ఏవయ్యా, ఆరో పాఠం బాగానే ఉందే, తీసెయ్యాల్సినంత లేదు" అన్నారు. తల దించుకుని, "వాలీబాల్ ఫైనలండీ ఆ రోజు" అన్నాను. "గెలిచారా?" అన్నారు. "ఓడిపోయామండీ." "అయితే చదివి ఉండాల్సింది" అని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. బీరువాలోంచి ఇంకో పుస్తకం తీసి నా చేతికిచ్చి, "కూర్చో, చదువు" అన్నారు.

చూపున్న మనిషికి పదకొండేళ్ళు చదివాను. ఆయన కళ్ళ సంగతి రాయి, నేను అబద్ధమాడానని కూడా రాయి, దాచకు. ఇప్పుడు నాకెందుకు సిగ్గు? ఆఖర్న మొదలెట్టింది అదిగో, ఆ కిటికీలో ఉన్న లావుపాటిది. మూడు వందల పన్నెండో పేజీ దాకా వచ్చాం. ఆ తర్వాత ఏముందో చూడలేదు. ఒక్కణ్ణే చదవబుద్ధి కాలేదు తల్లీ, ఆయన్ని అక్కడ వదిలేసి నేను ముందుకు పోయినట్టుంటుంది. ... మబ్బు పట్టింది, గొడుగు తెచ్చుకున్నావా?