వంకర బీరకాయల సంచి

పరకాల రోడ్డు మీద ఒక సూపర్‌మార్కెట్ వాళ్ల కూరగాయల సేకరణ కేంద్రం. పదకొండు దాటింది. బీరకాయలు తెచ్చిన రైతు మొగిలి, కాయలు ఏరి తీసుకునే ఉద్యోగి స్నేహలత.

“ఏ సంచి, మొగిలి కాకా?”

“గదే బిడ్డా, బియ్యం సంచి. మూతికి సుతిలి కట్టి ఉంటది.”

“ఓ, అదా. అది రిజెక్ట్ కాకా. నీయి అయిదు ట్రేలు ఫస్ట్ గ్రేడ్, ఒక సంచి రిజెక్ట్. రాసిన.”

“రిజెక్ట్ కాదు అది.”

“ఎట్ల కాదు? పన్నెండు కాయలల్ల ఒక్కటన్న సక్కగ లేదు. అన్ని వంకర. ఈగ కుట్టిన మచ్చలు. ఒకదాంట్ల పురుగు ఉన్నది, నా చెయ్యి మీదికి పాకింది.”

“ఉంటది. పురుగు ఉంటది.”

“గంత ముద్దుగ చెప్తానవేంది?”

“అది మీకు తెచ్చింది కాదు, మేడం. మా బిడ్డకు. కాజీపేటల ఉంటది గదా మా సుకన్య. కాన్పయ్యి పన్నెండొద్దులు. రోజు గా సంచి మీ డ్రైవర్ చేతుల పెడ్త, ఆయన చౌరస్తల మా అల్లునికి ఇస్తడు. ఇయ్యాల నేను సంచి ట్రేల పక్కన పెట్టి ఎరువుల దుకాణం కాడికి పోయిన. మీ హమాలీ దాన్ని గూడ కాంటా మీద పెట్టిండు.”

“చెప్పి పోవద్దా?”

“ఇప్పుడు చెప్తాన గదా. బండ్ల సంచి లేదని డ్రైవర్ తొమ్మిదిన్నరకే ఫోన్ చేసిండు, ఎరువుల దుకాణంల లైను ఇడిసి రాలేకపోయిన. ఇయ్యి, పన్నెండు గంటల బస్సుకు నేనే పోయి ఇచ్చస్త.”

“నా కాడ లేదు కాకా. బస్తీ ఆటోల ఎక్కింది.”

“పోయిందా ఆటో?”

“పోలే, గేటు కాడనే ఉన్నది. కని కంప్యూటర్ల పడ్డది. సక్కటియి దుకాన్లకు, వంకరయి సగం ధరకు బస్తీకి. పడ్డంక నేను మార్చరాదు.”

“పన్నెండు కాయలకు కంప్యూటరా?”

“ఒక్క కాయకైనా కంప్యూటరే. ఆగు, ఒక పని చేద్దాం. బాలింతకు పథ్యం బీరకాయనే గదా? నీ ట్రేలు రెండు ఇంక ఇక్కడనే ఉన్నయి, మధ్యాహ్నం బండికి పోవాలె. అండ్లకెల్లి రెండు కిలోలు తీస్కో. నా పేరు మీద రాసుకుంట. చూడు, మూరెడు మూరెడు ఉన్నయి. మెరుస్తానయి.”

“అద్దు.”

“పైసలు అడుగుతలేను.”

“పైసల కోసం కాదు. అద్దు.”

“నీ చేన్లయే గదా?”

“నా చేన్లయే.”

“ఇయ్యాల పొద్దుగాల తెంపినయే గదా?”

“పొద్దుగాలనే.”

“మరి?”

“మా బిడ్డకు వంకరయి అలవాటు.”

“వంకరయి అలవాటా?”

“చిన్నప్పటి సంది. సక్కటియి అరగయి.”

“ఎవలన్న ఇంటే నవ్వుతరు కాకా.”

“నవ్వనియి. నన్ను జర బస్తీ ఆటో కాడికి పోనియి.”

“ఆటోల బస్తీకి అమ్మే ఆమెనే అస్తాంది. అక్బరక్కా, నీ ఆటోల ఉన్న బియ్యం సంచి ఈయనదట.”

“సలాం మొగిలన్నా. మనుమడు పుట్టిండట, మిఠాయి ఏది?”

“మనుమరాలు, అక్బరమ్మా.”

“ఇంకా మంచిదాయె. మిఠాయి ఏది?”

“తెస్త. ముందుగాల సంచి ఇయ్యి.”

“ఇయ్యను.”

“ఎందుకియ్యవు?”

“బస్తీకి అమ్మేటందుకు పెట్టలే దాన్ని. నా సీటు కింద దాచిన. మా కోడలు గుల్నాజ్‌కు ఏడో నెల. గా కాయలు దానికి.”

“నీకు అవే దొరికినయా? అన్ని పురుగులు.”

“గందుకే దాచిన. ఇరవై ఏండ్ల సంది గల్లీ గల్లీ తిరిగి కూరగాయలు అమ్ముతాన, పురుగు బతికిన కాయ ఏందో నాకు తెల్వదా? మేడం ముఫత్‌గ సక్కటియి ఇస్తానంటాంది. తీస్కోరాదు నువ్వు?”

“నువ్వే తీస్కో. నాకు వంకరయి ఇయ్యి.”

“సరే, తీస్కుంట. ఒక్క మాట చెప్పు. అవి తినచ్చునా?”

“ఎందుకు తినరాదు? పట్నపోళ్లు తింటలేరా?”

“పట్నపోళ్ల ముచ్చట అడుగుతలేను. మా గుల్నాజ్ తినచ్చునా?”

“కడుక్కొని తినాలె.”

“ఎన్నిసార్లు కడగాలె?”

“జర నిమ్మలంగ అక్బరమ్మా. మేడం ఇంటాంది.”

“ఇననీ. మేడం, ఇంటానవా?”

“నేను ఇంటలేను. కాగితాలు చూస్తాన.”

“ఇంటలేదట. ఇగ చెప్పు. మందు ఎప్పుడు కొట్టినవ్?”

“నిన్న.”

“నిన్న ఎప్పుడు?”

“పొద్దుమీకి.”

“తెంపిందెప్పుడు?”

“చెప్పిన గదా, పొద్దుగాల.”

“కాకా, మందు కొట్టినంక వారం ఆగాలెనని నువ్వు సంతకం పెట్టినవ్. నా ముందటనే పెట్టినవ్.”

“ఇంటలేనంటివి గదా బిడ్డా.”

“ఇనబడ్డది. చెవులు మూసుకోవాల్నా?”

“పెట్టిన, సంతకం పెట్టిన. అదే కాగితం మీద ఇంక ఏం రాసి ఉన్నదో అది గూడ చదువు. రోజు అయిదు ట్రేలు. మచ్చ ఉండద్దు. వంకర ఉండద్దు. మూడుసార్లు వాపసు పోతె మీకు అమ్మే కార్డు బంద్. బీరకాయ వారం ఆగుతదా? వారం ఆగితె ముదిరి పీచయితది, ఒళ్లు తోముకునేటందుకు తప్ప పనికిరాదు. మందు కొట్టకపోతె ఈగ కుడ్తది, గిట్ల వంకర తిరుగుతది, నువ్వు తీస్కోవు. ఏది చేసినా నాదే తప్పాయె. నేనొక్కన్నే కాదు, గీ లైన్ల నిల్సున్నోళ్లను అడుగు, ఎవలు ఆగుతాన్రో.”

“మరి సంచిలయి ఎక్కడియి అన్నా?”

“బాయి కాడ రెండు సాళ్లు ఇడిసిపెడ్త. ఇంటి సాళ్లు. అండ్ల మందు కొట్ట. మేం తినేటియి అవే. అందరు గట్లనే ఇడిసిపెడ్తరు. మా ఇంటామె సమ్మమ్మ కాజీపేటల బిడ్డ కాడ ఉండుకుంట రోజు ఫోన్ చేస్తది, ఇంటి సాళ్లయి తప్ప పంపకు అని.”

“మరి మా బస్తీకి అచ్చే వంకరయి?”

“అవి గూడ కొట్టినయే. మందు తగిలే లోపట ఈగ కుట్టినయి.”

“అంటె మందుకు మందు ఎక్కె, సక్కదనం లేకపాయె.”

“సగం ధరనే గదా అక్బరమ్మా.”

“మందు గూడ సగమే కొట్టినవా?”

“గట్ల మాట్లాడకు. నాకు సిగ్గయితాంది.”

“మా బస్తీల ఒక్క కూరగాయల దుకాణం లేదు. మార్కెట్‌కు పోయిరావాల్నంటె కూలి పోతది. గీ ఆటో అస్తానని మొదటి దినం ఆడోళ్లు వాకిట్ల నీళ్లు చల్లి ఎదురుచూసిండ్రు, తెలుసునా? రైతు కాడికెల్లి నేరుగ అచ్చినయమ్మా అని నా నోటితోని నేనే చెప్పిన.”

“నిజంగ సిగ్గయితాంది, అక్బరమ్మా. రాత్రి పండుకుంటె యాదికస్తది. కని కార్డు పోతె మల్ల దళారి కాళ్లు పట్టుకోవాలె. ఆయన మూడు నెలలు తిప్పితె గాని పైసలియ్యడు. ఇప్పుడు బిడ్డ దవాఖాన ఖర్చు మీద పడ్డది. ఏం చేయాల్నో నువ్వే చెప్పు.”

“నేనేం చెప్తనన్నా. నాకు గూడ గీ ఆటో తప్ప దిక్కు లేదు.”

“అక్బరక్కా, కాకా, ఇద్దరు ఇనుండ్రి. పన్నెండు కాయలు. ఆరు సుకన్యకు, ఆరు గుల్నాజ్‌కు. అయిపాయె.”

“మరి కంప్యూటర్ల?”

“బస్తీకి పోయినయనే ఉంటది. బస్తీల ఎవలు తిన్నరో అది అడగదు.”

“సరే. ఆరు ఆరు. అక్బరమ్మా, సరేనా?”

“సరే. బాలింత గదా, పెద్దయి నీ బిడ్డకే తీస్కో.”

“కాకా.”

“ఏంది బిడ్డా?”

“నాకు రెండు ఇయ్యరాదు?”

“నీకెందుకు? నీ ముందట రెండు ట్రేలు ఉన్నయి గదా, మూరెడు మూరెడు, మెరుస్తానయి.”

“ఎక్కిరియ్యకు కాకా. మా అమ్మకు పానం బాగలేదు. నేను రోజు ఇక్కడ్నించే తీస్కపోతాన. ఇయ్యాల్టిదాక.”

“ఇదేం ముచ్చట, యా అల్లా. ఫస్ట్ గ్రేడ్ ట్రేలల్ల పడి ఉన్నది, ముగ్గురం రిజెక్ట్ కోసం కొట్లాడుతానం.”

“నాలుగు, నాలుగు, నాలుగు. తీస్కో బిడ్డా. అక్బరమ్మా, రేపటి సంది ఇంకో సాలు ఇడిసిపెడ్త. గుల్నాజ్‌కు, మీ బస్తీల ఉన్న పసిపిల్లల తల్లులకు. కార్డు ఉంటె ఉండె, పోతె పాయె, గా ఒక్క సాలుకు మాత్రం మందు కొట్ట. మాటిస్తాన.”

“మాట మర్సిపోకు.”

“మర్సిపోను. ఆగుండ్రి, ఫోన్ మోగుతాంది. మా అల్లుడు. ఉదయ్, చెప్పు బిడ్డా. ఇనబడ్తలేదు.”

“ఇక్కడ సిగ్నల్ గట్లనే, కాకా. స్పీకర్‌ల పెట్టు.”

“ఆ, ఉదయ్. సంచి జర ఆలస్యమైంది. పన్నెండు గంటల బస్సుకు నేనే ఎక్కుతాన.”

“అద్దు మామయ్యా, మీరేం ఫికర్ చేయకుండ్రి. చౌరస్తల చానసేపు నిల్సున్న, బండ్ల సంచి లేదన్నరు. ఎదురుంగనే సూపర్‌మార్కెట్ ఉన్నది గదా, అండ్లకు పోయిన. పోతె మీ ఫొటో ఉన్నది, మామయ్యా. నిలువెత్తు. బీర తీగ పక్కన నవ్వుకుంట నిల్సున్నరు. కింద పెద్ద పెద్ద అక్షరాలు, ‘మా ఇంట్లో తినేదే మీ ఇంటికి పంపుతాం’ అని.”

“నా ఫొటోనా?”

“మీదే. నేను అందరికి చూపెట్టిన, మా మామయ్య అని.”

“ఉదయ్, మీ అత్తమ్మ ఏది? ఫోన్ ఆమెకు ఇయ్యి. జల్ది.”

“అత్తమ్మ పాపకు తానం పోయ నీళ్లు కాగబెట్టుకుంట పెరట్ల ఉండె, మామయ్యా. నేనే వండిన.”

“ఏం వండినవ్?”

“మీ కాయలే, ఫొటో కింద పెట్టినయి. సుకన్య రెండుసార్లు పెట్టించుకున్నది. మా బాయి కాడియే, రుచి చూస్తేనే తెలుస్తాందన్నది. కడుపునిండ తిని, ఇప్పుడే పాపకు పాలు పడ్తాంది.”