మూడు పుంజులు, మూడు ఇంగిలీసు పేర్లు

గెడ్డవలస అసిరమ్మని మీరు ఎరగరు. ఊరంటే ముప్పై గడప, ఎనక కొండ, ముందర గెడ్డ, అదే కొండవాగు. వానలకి ఆ గెడ్డ పొంగిందంటే అవతలోళ్ళు అవతలే, ఇవతలోళ్ళు ఇవతలే. ఆ ఏడు అసిరమ్మ చిన్నకోడలు సన్యాసమ్మ కడుపుతో ఉంది. పురుడు సరిగ్గా వానల్లో పడతాది, నర్సమ్మేమో అవతలొడ్డున ఉంటాది. కిందటేడు పెద్దకోడలు పురిట్లో పోయింది, నర్సమ్మ దాటలేక ఒడ్డునే నిలబడిపోయింది. అప్పటినించి అసిరమ్మకి ముద్ద దిగదు. గెడ్డ మీద వంతెన ఒకటి పడితే చాలు, ఇంకేం అడగను అనుకుంటా ఉంటాదంట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాల, లేకపోతే కథ మీకు అందదు. ఆ ఊళ్ళో ఎవరన్నా బిడ్డకి పేరు పెడితే ఆళ్ళకి ఒక కోడిపుంజుని ఇస్తారు. పుంజుని పుచ్చుకున్నోళ్ళు తొలివానకి ఆ బిడ్డని నెత్తినెట్టుకుని గెడ్డ దాటించాల. పేరు పెట్టినోళ్ళే బరువు మొయ్యాలన్నమాట. పేరు పెట్టేసి చేతులు దులుపుకుని పోవచ్చని ఆళ్ళకి తెలీదు పాపం, అడివిలో ఉండేవోళ్ళు కదా.

సరే, ఏమైందంటే, మాఘమాసంలో ఒక ఆఫీసు బాబు జీపు అవతలాపి, గెడ్డ దాటొచ్చి, కుర్చీలో కూకుని కాయితం మీద రాసుకుంటా, ఇది బ్యాక్‌వర్డ్ ఏరియా అన్నాడంట. అదేటి బాబూ అంటే, "మీ ఊరికి మేం పెట్టిన పేరమ్మా" అన్నాడంట. అసిరమ్మ బుగ్గన చెయ్యెట్టుకుంది. ఇంత దూరం వొచ్చి పేరు పెట్టినాడంటే మనల్ని దాటించే పూచీ కూడా ఈ బాబుదే అనుకుని పుంజుని ఇచ్చి పంపింది. పూచీ సంగతేమో గానీ, పుంజుని మట్టుకు బాబు గట్టిగా పట్టుకున్నాడంట. ఫాల్గుణంలో ఇంకో బాబు. "బ్యాక్‌వర్డ్ అంటే మీరు బాధపడతారమ్మా, ఇంటీరియర్ అనాల" అన్నాడంట. ఎంత మర్యాద తెలిసినోడో చూడండి. ఆ మర్యాదకో పుంజు. వైశాఖంలో మూడో బాబు దిగి, అదీ పాతబడిపోయింది, ఇప్పుడందరూ రిమోట్ అంటన్నారు, బోర్డు కూడా రాయిస్తాను అన్నాడంట. మూడో పుంజూ పోయింది. కొడుకు గురువులు చూసి చూసి, "అమ్మా, కోళ్ళన్నీ గెడ్డ దాటిపోతన్నాయి, మనమే దాటడం లేదు" అంటే, "ఉండరా, ముగ్గురు పేరెట్టినారు. మనకి మూడు నెత్తులున్నాయి" అందంట.

ఆషాఢం వొచ్చింది. మూడో బాబు చెప్పినట్టే చెక్కబోర్డు తెచ్చి పాతించినాడు. దాని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటన్నాడు. ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి. ఈలోగా పై కొండల్లో వాన పడి గెడ్డ పొంగిపోయింది. జీపు అవతల, బాబు ఇవతల. అదే పూట సన్యాసమ్మకి నొప్పులొచ్చినాయి. బాబు ఒడ్డున బండరాయి ఎక్కి, ఫోన్ తీసి, పడవో తాడో పంపమని ఆఫీసుకి చెప్పినాడంట. ఆళ్ళేమన్నారు? "అది రిమోట్ ఏరియా సార్. నీళ్ళు తగ్గేదాకా ఎవరూ పోలేరని మీరే రాసినారు గదా" అన్నారంట. బాబు ఆ బండ మీదే కూకున్నాడు.

అసిరమ్మ ఎదురొచ్చి నిలబడింది. "బాబూ, పుంజుని తిన్నావు. ఇంక దాటించు" అంది. "నన్ను దాటించేవోళ్ళే లేరమ్మా, ఇంక నేనెవర్ని దాటించేది" అన్నాడంట. "అయితే లే, వొచ్చి మొద్దు పట్టు" అంది. గురువులూ ఊరోళ్ళూ రెండు తాటిచెట్లు కొట్టి, గెడ్డ ఇరుకైన కాడ అడ్డంగా పడేసినారు. బాబు బూట్లు మెడకి కట్టుకుని ఒక కొస పట్టినాడు. పట్టక చస్తాడా, ఇంటికెళ్ళాల గదా. ముందు ఆయనే దేక్కుంటా అవతలికి పోయినాడు. ఆయన దిగ్గానే, ఊరోళ్ళ కేకలకి ఒడ్డుకొచ్చి నిలబడున్న నర్సమ్మ సుగుణ చెప్పులు విప్పేసి, మందుల సంచీ నెత్తినెట్టుకుని ఇవతలికి వొచ్చేసింది. పొద్దుగూకకముందే ఆడపిల్ల. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు.

ఆ పిల్లకి పేరు నర్సమ్మే పెట్టింది. అసిరమ్మ చెల్లెలింటికాడ నించి ఒక పుంజుని తెచ్చి మరీ ఇచ్చింది.

మరి వంతెనో అంటారా? బాబు ఆఫీసుకి పోయి, నేనే స్వయంగా దాటినాను, ఊరికి దారుంది, ఇంక రిమోట్ కాదు, వంతెన అక్కర్లేదు అని రాసిపడేసినాడంట. కొత్త పేరేదో చెప్పడానికి మళ్ళీ మనిషిని కూడా పంపినాడు. ఆ మనిషి పేరు చెప్తానే దొడ్లోకి తొంగి చూస్తంటే, "పుంజులు అయిపోయినాయి బాబూ, ఆ పేరు మీకాడే ఉంచుకోండి" అందంట అసిరమ్మ.

బోర్డు మాత్రం ఉంది. తాటిమొద్దులు జారిపోకుండా పైన అడ్డచెక్కగా కొట్టినారు. ఊరంతా దాని మీద కాళ్ళేసుకునే గెడ్డ దాటతన్నారు. బాబులు పెట్టిన పేరు ఊరిని మోసిందంటే, ఆ ఒక్క చెక్కేనండి మరి.