మైకులో చెప్పినా వినపడని వాన కబురు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన హరిద్ర రైతు సంఘం అధ్యక్షులు దేవరాజు గారికి, వేదిక మీది పెద్దలకు, పని ఆపుకొని వచ్చిన రైతులకు, హమాలీ అన్నలకు, అక్కచెల్లెళ్లకు గంగాబాయి నమస్కారం. ఇరవై ఆరేళ్లుగా ఈ పసుపు కళ్లంలో మీరు మైకులో విన్న గొంతు ఇదే. రిటైరయ్యే రోజు కదా, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మని మా ఆయన మరీ మరీ చెప్పి పంపాడు. నా వల్ల కాదు. కడుపు మండుతోంది.

సంగతి తెలియని అతిథుల కోసం చెబుతాను. ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉండగా భీమ్‌గల్ గుట్టల మీద మబ్బు కమ్మితే, వాన ఇక్కడికి చేరేలోపు పసుపు మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకోవాలి. ఆ కబురు మైకులో చెప్పడం నా పని. పాత యాంప్లిఫయర్ డబ్బాకు తిప్పేవి రెండే ఉండేవి, ఒకటి మైకుకు, ఒకటి లౌడ్‌స్పీకర్లకు. ఎంత తిప్పాలో గుర్తుగా కుంకుమ బొట్టు పెట్టుకున్నాను. నా గొంతు రేకుల షెడ్డుకు తగిలి తిరిగి వినపడితే, అందరికీ చేరినట్టే.

దాన్ని తీసేసి, అద్దాలు బిగించిన గదిలో కంప్యూటరు పెట్టారు. లోపల పెద్ద సౌండ్ కార్డు అట, స్క్రీన్ మీద మిక్సర్ అట. తెరిస్తే పైకీ కిందికీ జరిపే నలభై గీతలు, ఒక్కోదాని కింద నువ్వుగింజంత ఇంగ్లీషు అక్షరాలు. చెవులకు హెడ్‌ఫోన్లు. "దినకర్ బిడ్డా, గిన్ని ఏం జేసుకోవాలె? నాకు రెండే గావాలె" అన్నాను. అదిగో, రెండో వరుసలో తల దించుకున్నాడే, దాన్ని తయారుచేసిన ఇంజినీరు, "అన్నీ ఇచ్చిన మేడం, ఏది గావాలంటే అది వాడుకోండ్రి" అన్నాడు. (నవ్వులు) నవ్వకండి, నవ్వే మాట కాదు.

కిందటి మార్చిలో మబ్బు చూసి పన్నెండుసార్లు చెప్పాను, "వానొస్తుంది, పట్టాలు గప్పుండ్రి" అని. నా గొంతు నాకు ఖంగుమని వినపడింది, హెడ్‌ఫోన్లలో! లౌడ్‌స్పీకర్ల గీత వేరే పేజీలో ఉందట, కంప్యూటరు ఆపినప్పుడల్లా అది సున్నాకు పడిపోతుందట. ఆ ముక్క నాకు చెప్పినవాళ్లు లేరు. బయటికి వస్తే కమ్మర్‌పల్లి భీమవ్వ తడిసిన పసుపును కొంగుతో తుడుస్తోంది. "ఒక్క మాట జెప్పకపోతివి గదా అక్కా" అంది.

మర్నాడే నాకు మెమో. 'నిర్లక్ష్యం వల్ల ప్రకటన చేయలేదు.' అధ్యక్షా, సంతకం మీదే. ఆ స్క్రీన్ ముందు ఒక్క పూటైనా కూర్చున్నారా మీరు?

దినకర్ కూర్చున్నాడు. మూడు రోజులు నా పక్కనే కూర్చొని అంతా మార్చాడు. ఇప్పుడు తెరవగానే రెండే లావాటి గీతలు, తెలుగులో పేర్లు; లౌడ్‌స్పీకర్లు మూగబోతే స్క్రీనంతా ఎర్రబడుతుంది. కుంకుమ బొట్టు కూడా వేసిచ్చాడు. మేడం అనడం మానేసి "తప్పు నాదే అక్కా" అన్నాడు, అదే మాట రాసి సంఘానికి ఇచ్చాడు. పది నెలలైంది. మెమో నా ఫైలులో అట్లాగే ఉంది.

సాయన్నా, నాకు కప్పడానికి పట్టుకొని నిలబడ్డావు గానీ, ఆ శాలువా మడిచి టేబుల్ మీద పెట్టు. కప్పుకోను. అధ్యక్షా, నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశామని ఈ మైకులోనే చెప్పండి, అప్పుడు కప్పుకుంటాను. భీమవ్వ రాలేదు, బయట కళ్లంలో పసుపు ఆరబోస్తోంది. అక్కడి దాకా వినపడుతుంది; లౌడ్‌స్పీకర్ల గీత నేనే పైకి జరిపి వచ్చాను. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. మైకు మీకే వదిలేస్తున్నాను, సెలవు.